ఓడ దిగిన తర్వాత మా ఆరోగ్యం ఎవరి లెక్కలోనూ లేదు

సంపాదకులకు నమస్కారాలు.

ఇరవై నాలుగేళ్లు సరకు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేసి 2019లో ఇంటికి చేరినవాణ్ణి. ఇంజిన్ రూము శుభ్రం చేసే వైపర్‌గా ఎక్కాను, యంత్రాలు చూసుకునే మోటర్‌మన్ అయ్యాను, మరమ్మతులు చేసే ఫిట్టర్‌గా దిగాను. ఓడ మీద మనవాళ్లందరూ నన్ను మిస్త్రీ అనేవారు. ఇప్పటికీ ఫోను చేసే పాత స్నేహితులు అలాగే పిలుస్తారు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని సోంపేట మండలం. ఉద్దానం అంటే తెలుగువాళ్లకు ఇప్పుడు కిడ్నీ జబ్బే గుర్తుకొస్తుంది గాని, మాకు అది మొదట కొబ్బరి, జీడి, పనస తోటల నేల. ఆ తర్వాత ఓడలకు మనుషుల్ని పంపే నేల. మా వీధిలో పన్నెండు గడపలుంటే ఏడు గడపల నుంచి ఎవరో ఒకరు ఓడ ఎక్కారు.

మీ పత్రికలో ఉద్దానం కిడ్నీ వార్తలు చదువుతుంటాను. నావికుల వార్తలూ చదువుతుంటాను. ఏజెంట్ల మోసాలు, సముద్రపు దొంగలు, జీతాలు రాక పరాయి రేవుల్లో చిక్కుకున్న కుర్రవాళ్లు. ఈ రెండు వార్తలూ ఒకే మనిషివి కావచ్చన్న మాట మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ఆ మాట రాయడానికే ఈ ఉత్తరం. పొడవుగానే ఉంటుంది, మన్నించండి.

గత సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే ట్రంకుపెట్టె అడుగున ఒక ప్లాస్టిక్ సంచి దొరికింది. అందులో నా పాత సీడీసీలు, అంటే నావికుడి గుర్తింపు, సర్వీసు వివరాల పుస్తకాలు, వాటి కింద వైద్య పరీక్షల కాగితాలు. ఓడ ఎక్కే ప్రతిసారీ కంపెనీ చెప్పిన క్లినిక్‌కు వెళ్లి కళ్లు, చెవులు, ఛాతీ ఎక్స్‌రే, రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోవాలి. పందొమ్మిది కాంట్రాక్టులు చేశాను కాబట్టి పందొమ్మిది కాగితాలు ఉండాలి. దొరికినవి పదకొండు. విశాఖలో స్టాఫ్ నర్సుగా ఉన్న మా అమ్మాయి పండక్కి వచ్చి ఉంది. వాటిని తిరగేసి, "నాన్నా, ఇందులో ఆరింటిలో క్రియాటినిన్ రాశారు" అంది. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అది, అంకె పెరుగుతుంటే కిడ్నీ బలహీనపడుతోందని అర్థం. వాటిని వరండాలో నేల మీద తేదీల వరుసన పరిచాం. గాలికి ఎగరకుండా ఒక్కో దాని మీద రెండేసి జీడిపిక్కలు పెట్టాను.

2004, ముంబయి: 0.8. 2008, చెన్నై: 0.9. 2011, మళ్లీ ముంబయి: 1.0. 2014, విశాఖపట్నం: 1.1. 2017, ముంబయిలోనే వేరే క్లినిక్: 1.3. 2018, కొచ్చి: 1.3.

ఆరు కాగితాల మీదా ఒకే ముద్ర ఉంది, ఫిట్ అని. ఆ ముద్ర వేసిన డాక్టర్లలో ఎవరిదీ తప్పని నేను అనను. ప్రతి డాక్టరూ తన ముందున్న ఒక్క అంకె చూశారు, అది హద్దులోనే ఉంది. ఆరూ పక్కపక్కన చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. పద్నాలుగేళ్లుగా ఆ అంకె ఒకే వైపు నడుస్తోందని తెలిసింది మా వరండా మీద, అదీ నేను ఓడ మానేసిన తర్వాత. ఆ సరికే నా క్రియాటినిన్ 1.9కి చేరింది. ఇప్పుడు 2.3. మందులు వాడుతున్నాను, ఉప్పు మానేశాను, ఇంకా డయాలసిస్ అవసరం రాలేదు.

బయటివాళ్లకు ఓడ అనగానే డెక్కు, గాలి, నీలం నీళ్లు కళ్ల ముందుకొస్తాయి. మేము బతికింది నీటిమట్టానికి కింద. ఇంజిన్‌కు వెళ్లే చిక్కటి నూనెను దాదాపు 98 డిగ్రీలకు వేడిచేసి, గిర్రున తిప్పి, అందులోని నీళ్లనూ మడ్డినీ వేరుచేసే యంత్రాలుంటాయి. వాటిని పెట్టిన చిన్న గదిని ప్యూరిఫయర్ రూమ్ అంటారు. జులై నెలలో ఓడ పర్షియా సింధుశాఖలో ఉన్నప్పుడు ఆ గదిలో గోడకున్న థర్మామీటరు 48 చూపించడం నా కళ్లతో చూశాను. పై నుంచి పంకాలు గాలి తోస్తాయి గాని, బయటి గాలే 42 ఉంటే లోపలికి వచ్చేది చల్లగాలి ఎలా అవుతుంది? ఆ గదిలో యంత్రం విప్పి, పళ్లేలు ఒక్కొక్కటీ కడిగి, మళ్లీ బిగించేసరికి బాయిలర్ సూట్ పిండితే నీళ్లు కారేవి. ఇక పిస్టన్ కింది భాగంలోకి, అంటే స్కావెంజ్ స్పేస్‌లోకి దిగి మసి గీకే రోజు మాట చెప్పనక్కరలేదు. ఇంజిన్ ఆపినా ఇనుము చల్లారదు. ఓడ రేవులో ఉండేది కొన్ని గంటలే, ఆ గంటల్లోనే పని అయిపోవాలి.

అప్పట్లో మా మూత్రం కషాయం రంగులో వచ్చేది. రోజుకు రెండుసార్లు వస్తే గొప్ప. నీళ్లు తాగడానికి కంట్రోల్ రూమ్ వరకూ మెట్లెక్కి వెళ్లాలి, సగం విప్పిన యంత్రం వదిలి పదే పదే ఎవరు వెళతారు? వెళ్లినప్పుడు రంగు పొడి కలిపిన చక్కెర నీళ్లు జగ్గుతో తాగేవాళ్లం. రాత్రికి నడుము విరిగిపోయేది. మందుల పెట్టె తాళం సెకండ్ ఆఫీసర్ దగ్గర ఉంటుంది. ఆయన డైక్లోఫినాకో ఐబుప్రోఫెనో ఇచ్చేవారు. ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు ఆ మాత్రలు కిడ్నీకి చేటు చేస్తాయని నాకు తెలిసింది మా అమ్మాయి నర్సింగ్ చదువుకున్న తర్వాతే. ఓడ మీద డాక్టరు ఉండడు. మూడు రోజులకు మించిన అంతర్జాతీయ ప్రయాణాలు చేసే, నూరుమంది అంతకుమించి ఉన్న ఓడలకే డాక్టరు తప్పనిసరి. మేము ఇరవై ఇద్దరం, ఇరవై ముగ్గురం ఉండేవాళ్లం.

విశ్రాంతి గంటల మాట కూడా రాస్తాను. రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ నియమం. నెలాఖరున ఈ గంటలు రాసే పట్టీని నియమానికి సరిపోయేలా నింపి సంతకం పెట్టమనేవారు. నేనూ పెట్టాను, ప్రతి నెలా పెట్టాను. స్వీడన్‌లోని మాల్మోలో ఉన్న ప్రపంచ సముద్రయాన విశ్వవిద్యాలయం 2020లో ఈ పట్టీల సర్దుబాటు మీద ఒక అధ్యయనం వెలువరించింది. అది ఒకటీ అరా ఓడల్లో జరిగే పని కాదు, అలవాటుగా మారిపోయిందని అందులో తేలింది. మా అమ్మాయి అది చదివి వినిపించినప్పుడు నాకు సిగ్గూ కలిగింది, ఊరటా కలిగింది. కాగితం మీది గంటలను నమ్మి ఎవరైనా మా ఆరోగ్యం గురించి పరిశోధన చేస్తే ఆ పరిశోధన కూడా కాగితం మీదే నిలబడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మా అన్నయ్య నాకంటే ఐదేళ్లు పెద్ద. ఏనాడూ ఓడ ఎక్కలేదు. జీడితోట, రెండెకరాల వరి, వేసవిలో ఇటుకబట్టీ పని. 2022 నుంచి సోంపేటలో వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మేమిద్దరం ఒకే తల్లి బిడ్డలం, ఒకే బావి నీళ్లు తాగి పెరిగాం. ఇరవై ఏళ్లు దాటాక మాత్రం మా బతుకులు వేరు. అన్నయ్య తాగింది ఊరి నీళ్లు. ఏడాదిలో తొమ్మిది నెలలు నేను తాగింది సముద్రపు నీటిని ఆవిరి చేసి చల్లార్చిన నీళ్లు. అన్నయ్య చేసింది ఎండలో పని, నేను చేసింది ఎండ కనబడని వేడిలో పని. అన్నయ్య తోటకు పురుగుమందు కొట్టాడు, నేను కొట్టలేదు. నేను డీజిల్ పొగ, ద్రావకాల ఆవిరి పీల్చాను, అన్నయ్య పీల్చలేదు. చివరకు ఇద్దరి కిడ్నీలూ దెబ్బతిన్నాయి.

ఉద్దానం జబ్బుకు కారణం నీటిలోని సిలికా అనీ, భారలోహాలనీ, పురుగుమందులనీ, నొప్పి మాత్రలనీ, ఎండదెబ్బ అనీ, వంశపారంపర్యమనీ ఎన్నో మాటలు విన్నాం. ఎంతమంది వచ్చి ఎన్ని సీసాల నెత్తురు తీసుకెళ్లినా ఒక్క కారణం మీద వేలు పెట్టి ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. ఆంధ్ర వైద్య కళాశాల వాళ్లు పనిచేశారు, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్లు ఊరూరా సర్వే చేశారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ కృషి మీద నాకు గౌరవం ఉంది. కానీ సర్వే బృందం మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఓడ మీద ఉన్నాను. మా వీధిలో ఆ ఏడు గడపల మగవాళ్లలో చాలామంది ఓడల మీదే ఉన్నారు. ఊళ్లో చేసిన సర్వేకు మేము దొరకం. ఓడల మీద చేసిన సర్వేకు మా ఊరు దొరకదు.

ఒక్కసారి ఆలోచించండి. ఊరి నీళ్లే కారణమైతే, ఏడాదిలో ఎక్కువ భాగం వేరే నీళ్లు తాగే మాలాంటి వాళ్లలో ఈ జబ్బు తక్కువగా కనబడాలి. వేడే కారణమైతే, మా ఊళ్లవాళ్లలోనే ఇంజిన్‌లో పనిచేసినవాళ్లకు ఎక్కువగా, డెక్కు మీద పనిచేసినవాళ్లకు తక్కువగా రావాలి. సింధుశాఖకు తిరిగే ఓడలవాళ్లకు ఒక రకంగా, బాల్టిక్ సముద్రంలో తిరిగే ఓడలవాళ్లకు ఇంకో రకంగా ఉండాలి. చిన్ననాడు తాగిన నీళ్లో, పుట్టుకతో వచ్చిందో కారణమైతే మేము ఏ సముద్రంలో తిరిగినా తేడా ఉండకూడదు. అన్నదమ్ముల్లో ఒకడు నేల మీద, ఒకడు నీటి మీద బతికిన ఇళ్లు ఉద్దానంలో ఎన్నో ఉన్నాయి. ఇలాంటి పోలిక ప్రయోగశాలలో తయారుచేయడం ఎవరి తరమూ కాదు. మా ఊళ్లలో అది ఎప్పటినుంచో నడుస్తోంది, రాసుకునేవాళ్లే లేరు.

అయితే మమ్మల్ని మాత్రమే చూస్తే సగమే తేలుతుంది. ఓడ వేడి చేసిన చేటు ఎంతో, ఊరు చేసిన చేటు ఎంతో విడదీయాలంటే ఉద్దానంతో ఏ సంబంధమూ లేని మనిషి కావాలి, అతను అదే గదిలో, అదే వేడిలో, అదే పని చేసి ఉండాలి. ఆ మనిషి ఫిలిప్పీన్స్‌లో ఉన్నాడు, ఇండోనేసియాలో ఉన్నాడు, ఉక్రెయిన్‌లో ఉన్నాడు. నాతో కలిసి ఏడు నెలలు పనిచేసిన ఆయిలర్ ఒకతను ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోవాడు. మన ఉద్దానంలాగే అక్కడి నుంచి కూడా ఇంటికొకరు ఓడ ఎక్కుతారు. ఈ పరిశోధనకు పలు దేశాలు చేతులు కలపాలని నేను అనడం అందుకే. ఒక దేశం తన మనుషుల్ని మాత్రమే చూసుకుంటే ఈ చిక్కుముడి విడదు.

ఆ ఇలోయిలో అతని సంగతి రాయాలి. 2006లో మే నెల, అరేబియా సముద్రం. మధ్యాహ్నం వాచ్‌లో, అంటే డ్యూటీలో ఉండగా అతను మెట్ల మీద కూలబడిపోయాడు. వాంతులు, కాళ్లు కొంకర్లు పోవడం. కెప్టెన్ శాటిలైట్ ఫోనులో రోమ్‌కు మాట్లాడాడు. అక్కడ 1935లో మొదలైన అంతర్జాతీయ రేడియో వైద్య కేంద్రం ఉంది. రేడియోకు ఆద్యుల్లో ఒకడైన మార్కోనీయే దానికి తొలి అధ్యక్షుడు. ఏ దేశపు జెండా ఉన్న ఓడకైనా, ఏ దేశపు నావికుడికైనా పైసా తీసుకోకుండా రాత్రీ పగలూ వైద్య సలహా ఇస్తారు. ఆ డాక్టరు అడిగిన మొదటి రెండు ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మూత్రం ఏ రంగులో ఉంది? నాలుగు రోజులుగా ఏ మాత్రలు మింగుతున్నాడు? నడుం నొప్పికని ఐబుప్రోఫెన్ మింగుతున్నాడు. వెంటనే ఆపించారు, గంటగంటకూ ఎంత నీరు తాగించాలో, మూత్రం ఎంత వస్తుందో కొలిచి రాయమన్నారు. మూడు రోజులకు లేచి కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్లలో నా చుట్టూ ఉన్న ఎవరినైనా ఒక డాక్టరు అడిగిన అతి ముఖ్యమైన ప్రశ్న ఆ మూత్రం రంగు గురించినది. అది అడిగిన గొంతు కొన్ని వేల కిలోమీటర్ల అవతల ఉంది.

ఇప్పుడు ఆ మూడు రోజుల లెక్క ఎక్కడుంది? సలహా ఇచ్చిన కాగితం రోమ్‌లో ఉంటుంది. సంఘటన రాసిన లాగ్‌బుక్కు ఓడ జెండా పనామాది కాబట్టి ఆ దేశపు చట్టం కిందికి వస్తుంది. ఓడ యజమాని ఇంకో దేశంవాడు. అతని తర్వాతి వైద్య పరీక్ష మనీలాలో జరిగి ఉంటుంది. ఈ నాలుగు ముక్కలూ ఒకచోట చేరితేనే అతని కిడ్నీ చరిత్ర అవుతుంది. ఆరు కాగితాలు ఒకచోట పరిస్తేనే నా చరిత్ర తెలిసినట్టు. అవి ఏనాడూ ఒకచోట చేరలేదు.

చేర్చగలిగిన దేశాలు చేర్చి చూపించాయి. డెన్మార్క్‌లో 1968 నుంచి ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఉంది. ఆ సంఖ్య ఆధారంగా ఎవరు ఏ ఓడలో ఏ పని చేశారన్న పట్టికనూ ఆసుపత్రుల పట్టికనూ కలిపి, ఎస్బియర్గ్ నగరంలోని సముద్ర ఆరోగ్య కేంద్రం పరిశోధకులు ఓడ దిగిన తర్వాత కూడా నావికుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించారు. ఇంజిన్ సిబ్బందిలో ఆస్బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సర్ల సంగతి ఫిన్లాండ్, డెన్మార్క్ లాంటి దేశాల్లో బయటపడింది ఇలాంటి పట్టికల వల్లే. కొత్త ఓడల్లో ఆస్బెస్టాస్ వాడకాన్ని 2011 నుంచి పూర్తిగా నిషేధించారు. నేను పనిచేసిన పాత ఓడల్లో పైపులకు చుట్టిన ఆ తెల్లటి పొరను ఉలితో కొట్టి తీసినవాణ్ణి నేను. నా ఊపిరితిత్తుల లెక్క డెన్మార్క్ పట్టికలో లేదు, మన దేశంలోనూ లేదు.

నార్వేలో బెర్గెన్, పోలెండ్‌లో గ్దీనియా, బ్రిటన్‌లో కార్డిఫ్, ఇలా నావికుల ఆరోగ్యాన్నీ జీవితాన్నీ పరిశోధించే కేంద్రాలు ఎక్కువగా ఐరోపాలో ఉన్నాయి. ఓడల మీద మనుషులు మాత్రం ఎక్కువగా ఆసియావాళ్లు. 2021 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 19 లక్షల మంది నావికులున్నారు. ఎక్కువమందిని పంపే మొదటి ఐదు దేశాల్లో ఫిలిప్పీన్స్, ఇండోనేసియా, చైనాలతో పాటు మన దేశమూ ఉంది. పరిశోధన తెలిసినవాళ్లు ఒకచోట, పరిశోధించాల్సిన ఒళ్లు ఇంకోచోట. అక్కడివాళ్లు వచ్చి మా నెత్తురు సీసాల్లో పట్టుకుపోయి వాళ్ల పత్రికల్లో రాసుకోవడం కాదు నేను అడుగుతున్నది. పలాసలోని కేంద్రం, విశాఖలోని వైద్య కళాశాల, అదే విశాఖలో ఉన్న భారత సముద్రయాన విశ్వవిద్యాలయం ప్రాంగణం, అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ సమాన భాగస్వాములుగా కూర్చోవాలి. ప్రశ్నలు మనమూ అడగాలి.

మన దగ్గర పునాది లేకపోలేదు. ప్రతి భారతీయ నావికుడికీ ఇండోస్ అనే గుర్తింపు సంఖ్య ఉంది. ఏ ఓడ, ఏ హోదా, ఎప్పుడు ఎక్కాడు, ఎప్పుడు దిగాడు అన్నది షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ దగ్గర నమోదవుతుంది. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా అని ఇప్పుడు పద్నాలుగు అంకెల సంఖ్య ఇస్తున్నారు. నావికుడు ఒప్పుకుంటే ఈ రెండు సంఖ్యలనూ జోడించడం కష్టమైన పని కాదు. డెన్మార్క్‌లో జరిగినది మన దగ్గర జరగకపోవడానికి డబ్బు ఒక్కటే కారణమని నేను నమ్మను. ఓడ దిగిన మనిషి గురించి పట్టించుకోవాల్సిన బాధ్యత ఎవరిదో రాసి లేదు. అసలు కారణం అది.

రాసి ఉన్నది ఎంతవరకో చూడండి. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. మంచి ఒప్పందం, మాకు ఎంతో మేలు చేసింది. దాని ప్రకారం జబ్బుపడిన నావికుడి వైద్య ఖర్చు ఓడ యజమాని భరించాలి. కానీ ఆ బాధ్యతను పదహారు వారాలకు పరిమితం చేసుకునే వీలు దేశాలకు ఉంది. కిడ్నీ చెడిపోవడానికి పద్నాలుగేళ్లు పట్టింది నాకు. 2022లో ఆ ఒప్పందానికి చేసిన సవరణల వల్ల, ఓడల మీద జరిగే ప్రతి మరణాన్నీ ఏటా అంతర్జాతీయ కార్మిక సంస్థకు తెలియజేయాలన్న నిబంధన 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. దీన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. మా వాళ్ల మరణాలు ఇన్నాళ్లకు ఒక పుస్తకంలోకి ఎక్కుతున్నాయి. అయితే ఆ పుస్తకంలో కవిటి మండలపు మోటర్‌మన్ ఒకతను ఉండడు. నాతో రెండు కాంట్రాక్టులు చేశాడు. మూడోసారి వైద్య పరీక్షలో మూత్రంలో ప్రొటీన్ ఉందని అన్‌ఫిట్ అన్నారు. ముప్పై ఆరేళ్లవాడు. ఇంటికొచ్చి, అప్పుచేసి, డయాలసిస్ మీద రెండున్నరేళ్లు బతికి 2021లో పోయాడు. ఓడ మీద పోలేదు కాబట్టి ఓడ లెక్కలో లేడు. పరీక్షలో తప్పినవాణ్ణి ఓడ ఎక్కనివ్వరు కాబట్టి, ఓడ మీద ఎవరిని పరీక్షించినా ఆరోగ్యవంతులే కనబడతారు. జబ్బుపడినవాళ్లను వడకట్టి ఒడ్డున పారేశాక, మిగిలినవాళ్లను చూసి ఓడ ఆరోగ్యకరమైన చోటు అనుకుంటున్నాం.

వేడికీ కిడ్నీకీ సంబంధం ఉందని నేను తీర్పు చెప్పడం లేదు, ఆ అర్హత నాకు లేదు. అడిగితే జవాబు దొరకవచ్చని మాత్రం చెబుతున్నాను. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకు కోత కూలీలకు ఇలాంటి జబ్బే ఉంది. శ్రీలంకలో అనురాధపుర, పొలొన్నరువ ప్రాంతాల రైతులకూ ఉంది. మధ్య అమెరికాలో కూలీలకు నీళ్లు, నీడ, నియమంగా విశ్రాంతి ఇచ్చే పద్ధతి పెట్టి, కోతల కాలంలో వాళ్ల కిడ్నీ పరీక్షలు చేశారు. సరిగ్గా విశ్రాంతి అందినచోట కిడ్నీకి తగిలే దెబ్బ తగ్గింది. అది పలు దేశాల పరిశోధకులు, కూలీలు, చక్కెర మిల్లుల యాజమాన్యాలు కలిసి చేసిన పని. చెరకు తోటలో చేయగలిగినది ఇంజిన్ రూములో ఎందుకు చేయలేం? ఒక ఇంజిన్ రూములో ఇరవై నిమిషాల పనికి పది నిమిషాలు చల్లటి గదిలో విరామం, ప్యూరిఫయర్ రూమ్ గుమ్మం దగ్గరే నీళ్లు, నొప్పి మాత్రకు ముందు మూత్రం రంగు అడగడం. ఇంకో ఇంజిన్ రూములో ఇప్పుడున్న పద్ధతి. కాంట్రాక్టు మొదట్లోనూ చివర్లోనూ క్రియాటినిన్. ఏడాదిలో కొంతైనా తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా ఉన్నాను. ఈ పరిశోధనలో తేలిన ఏ ఒక్క మనిషి వివరమూ ఏజెంటు బల్ల మీదకు గాని, కంపెనీ కంప్యూటర్‌లోకి గాని వెళ్లకూడదు. వైద్య వివరాలు గోప్యంగా ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. కానీ మా అనుభవం వేరు. ఒక అంకె అటూ ఇటూ అయితే పిలుపు ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు. అందుకే మేము దాచుకోవడం నేర్చుకున్నాం. బీపీ ఉన్నవాడు పరీక్షకు ముందు రాత్రి రెండు మాత్రలు మింగుతాడు. మూత్రం సీసా మార్చినవాళ్లను చూశాను. వాళ్లను తప్పుపట్టలేను, ఇంట్లో అప్పులున్నాయి, పిల్లల ఫీజులున్నాయి. నిజం చెబితే ఉపాధి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎంత పెద్ద విశ్వవిద్యాలయం వచ్చినా మా నుంచి నిజం రాదు. పేర్లు తొలగించి, సంఖ్యలు మార్చి, నావికుల సంఘాల ప్రతినిధులను పర్యవేక్షణలో కూర్చోబెట్టి చేస్తే, మేమే వరుసకట్టి చేతులు చాపుతాం. కిడ్నీ అంకె పెరుగుతోందని తెలిసినవాణ్ణి ఇంటికి పంపేయకుండా చల్లటి ప్రాంతాల్లో తిరిగే ఓడకో, డెక్కు పనికో మార్చే ఏర్పాటు కూడా దీనితోపాటే ఆలోచించాలి. జబ్బు కనిపెట్టి బతుకు తీసేస్తే అది వైద్యం కాదు.

ఖర్చు మాటకొస్తే, నావికుల సంక్షేమ నిధి సంఘం మన దేశంలో ఉంది. లండన్‌లోని నావికుల ట్రస్టు 2019లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు నావికుల మానసిక ఆరోగ్యం మీద చేసిన పెద్ద అధ్యయనానికి డబ్బు పెట్టింది. మనసు కోసం ఇచ్చినవాళ్లు ఒంటి కోసం అడిగితే కాదంటారా? అడగాలి. అడగడానికి ముందు మన వైపు నుంచి ఒక సంస్థ ముందుకొచ్చి, మా దగ్గర మనుషులున్నారు, ఊళ్లున్నాయి, ప్రశ్న ఉంది అని చెప్పాలి. ఆ సంస్థ పలాసది కావాలని నా కోరిక.

అలా ముందుకొచ్చేవాళ్లకు నా ఆరు కాగితాలు ఇస్తాను. అన్నయ్యను అడిగాను, తన డయాలసిస్ పుస్తకం ఇస్తానన్నాడు. పక్క ఊళ్లలో నాకు తెలిసిన పాత మిస్త్రీలు, మోటర్‌మన్లు, డెక్కు పనివాళ్లకు పెద్దలైన బోసన్‌లు ముప్పై మంది దాకా ఉన్నారు. వాళ్ల ట్రంకుపెట్టెల్లోనూ ఇలాంటి సంచులు ఉండే ఉంటాయి. ఒక్కొక్కరి ఇంటికి నేనే వెళ్లి అడుగుతాను.

మా చిన్నవాడు వచ్చే నెల యూఏఈలోని ఫుజైరా రేవులో ఓడ ఎక్కుతున్నాడు, మోటర్‌మన్‌గా. ఈ ఉత్తరం కింద నా పేరు వేయవద్దని కోరేది వాడి కోసమే. వాడి సంచిలో ఒక చిన్న థర్మామీటరు, నీళ్లు కొలుచుకోవడానికి గీతలున్న లీటరు సీసా, ఒక నోటుపుస్తకం పెట్టాను. ప్యూరిఫయర్ రూమ్‌లో ఎంత వేడి ఉందో, ఎన్ని లీటర్లు తాగాడో, మూత్రం ఏ రంగులో వచ్చిందో, ఏ మాత్ర మింగాడో రోజూ రాయమన్నాను. మొన్న సోంపేటలో వాడికి రక్తపరీక్ష చేయించాం. మొదటి పేజీలో తేదీ వేసి నా చేత్తో రాశాను: క్రియాటినిన్ 0.9.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజిన్ ఫిట్టర్,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా